అణు ఇంధన కర్మాగారానికి భద్రతా సమీక్ష మార్గదర్శకం రాయడం ఎలా

సమీక్ష మార్గదర్శకం రాసే పని అప్పగిస్తే చాలామంది ముందు విషయసూచికతో మొదలుపెడతారు. స్థల పరిశీలన, భవనాలు, ప్రక్రియ, వికిరణ రక్షణ, అగ్ని భద్రత, వ్యర్థాలు, అత్యవసర ప్రణాళిక అంటూ చక్కగా అంకెలు వేసిన అధ్యాయాలు. వాటి కింద ఏదో విదేశీ పత్రం నుంచి పేరాలు దింపుతారు. అలా తయారైన పుస్తకం బీరువాలో చూడముచ్చటగా ఉంటుంది. ఎదురుగా రెండు వేల పేజీల నివేదిక పెట్టుకుని కూర్చున్న సమీక్షకుడికి మాత్రం అక్కరకు రాదు. ఉద్యోగ జీవితంలో అటువంటి నివేదికలు చదవడమే నా పని. విరమణ తర్వాత విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. ఇక్కడి నుంచీ గుంటూరు నుంచీ కెమికల్ ఇంజనీరింగు పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు వచ్చి ఈ పని ఎలా చేయాలని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఎవరి కోసం రాస్తున్నామో తేల్చుకోవాలి. భద్రతా విశ్లేషణ నివేదికను కర్మాగారం వారు రాస్తారు. దాన్ని చదివి చాలును, లేదా చాలదు అని చెప్పేవారు సమీక్షకులు. మన పత్రం ఆ సమీక్షకుల కోసం. ‘హైడ్రోజన్ లీకును కనిపెట్టే పరికరాలు అమర్చాలి’ అన్న వాక్యానికి మన పత్రంలో చోటు లేదు, అది నియమావళిలో ఉండాల్సింది. ఆ పరికరాల గురించి నివేదికలో ఏమి వెతకాలి, ఏ జవాబు దొరికితే పేజీ తిప్పవచ్చు, ఏ జవాబు దొరికితే ఫైలు వెనక్కి పంపాలి అన్నవి మనం రాయాలి. మొదటిది అందరూ రాస్తారు. తక్కిన రెండూ రాయడానికి జంకుతారు, ఎందుకంటే అక్కడ సంతకం పెట్టినట్టే. అవి లేని మార్గదర్శకం ప్రశ్నల చిట్టాగా మిగిలిపోతుంది.

తర్వాత పరిధి. దీనికి ఒక్క పేజీ చాలు. సహజ యురేనియంతో పనిచేసే కర్మాగారమా, తేలికగా చీలే యూ-235 రకం వాటా పెంచిన సుసంపన్న యురేనియంతోనా, ప్లుటోనియం కలిసిన ఇంధనమా? ఈ మూడింటికీ ఒకే పత్రం రాయబోవద్దు. సహజ యురేనియంలో యూ-235 దాదాపు 0.7 శాతమే. మామూలు నీటితో ఎంత కలిపినా అందులో శృంఖల చర్య, అంటే ఒక పరమాణు కేంద్రకం చీలి మరోదాన్ని చీల్చే వరస, తనంతట తాను సాగదు. సుసంపన్న యురేనియం విభాగంలో అదే మొదటి భయం. రెండూ ఒకే ప్రాంగణంలో ఉంటే ఒక విభాగపు పొడి, డ్రమ్ములు, గరిటెలు రెండో విభాగంలోకి వెళ్లకుండా ఏది ఆపుతోందన్న ప్రశ్న మొదటి పేజీలోనే ఉండాలి.

ఇప్పుడు అసలు పని. పెద్ద కాగితం అడ్డంగా పెట్టుకుని పొడి నడిచే దారి గీయండి. మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. కడప జిల్లా తుమ్మలపల్లె మిల్లులో తయారైన సోడియం డైయురేనేట్ అనే యురేనియం ముడిసరుకు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళుతుంది. 1971లో మొదలైన ఆ సంస్థే భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలు చేస్తుంది. ఈ తరహా కర్మాగారంలో ముడిసరుకును నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. కిరోసిన్ వంటి నూనెలో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌తో యురేనియాన్ని మాత్రం పైకి లాగి మలినాలను వదిలేస్తారు. అమ్మోనియా పంపితే పసుపు ముద్దగా అమ్మోనియం డైయురేనేట్ దిగుతుంది. దాన్ని కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరణం చేస్తే, అంటే కొంత ఆక్సిజన్‌ను లాగేస్తే, యురేనియం డయాక్సైడ్ పొడి వస్తుంది. పొడిని బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్ నిండిన కొలిమిలో సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు, దీన్నే సింటరింగ్ అంటారు. కొలతకు సానబట్టి జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రలోహం) గొట్టాల్లో నింపి మూతలు వెల్డింగ్ చేస్తారు. 220 మెగావాట్ల రియాక్టరుకు 19 గొట్టాలు, 700 మెగావాట్ల రియాక్టరుకు 37 గొట్టాలు కలిపితే ఒక కట్ట.

ప్రతి అంచె దగ్గరా నాలుగు విషయాలు రాయండి. యురేనియం ఏ రూపంలో ఉంది, దాని పక్కన ఇంకేమి ఉంది, ఏ వేడి, ఏ పీడనం పనిచేస్తున్నాయి, మనిషి చేయి ఎక్కడ తగులుతుంది. ఈ నాలుగో గడి దగ్గర తొందరపడవద్దు. గొట్టాల్లో, ట్యాంకుల్లో మూసి ఉన్నంతసేపు నివేదిక బాగానే ఉంటుంది. డ్రమ్ము మూత తీసే చోట, ఫిల్టరు మార్చే చోట, కొలిమి నుంచి పడవలాంటి ట్రేను లాగే చోట, నేల మీద ఒలికిన పొడిని ఊడ్చే చోట నివేదిక మౌనంగా ఉంటుంది. మీ కాగితం మీద ఆ చోట్లకు ఎర్ర సిరా పూయండి. మార్గదర్శకంలోని అధ్యాయాలు ఆ ఎర్ర గుర్తుల నుంచి పుట్టాలి.

ఏ అధ్యాయానికి ఎన్ని పేజీలన్న లెక్కలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. సహజ యురేనియం విభాగంలో మనిషిని నిమిషాల్లో చంపగలిగేవి హైడ్రోజన్, అమ్మోనియా, ఆమ్లపు ఆవిర్లు, జిర్కోనియం తురుము. వికిరణం ప్రభావం నెమ్మదిగా, ప్రధానంగా పీల్చిన పొడి ద్వారా వస్తుంది. అక్కడ కూడా కరిగే రూపంలో ఉన్న యురేనియం వికిరణం కన్నా ముందు రసాయనంగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే గాలి నమూనాలు ఎంత ముఖ్యమో కార్మికుల మూత్ర పరీక్షలూ అంతే ముఖ్యం. ‘అణు’ అనే మాట వినగానే వికిరణానికి వంద పేజీలు, రసాయన భద్రతకు ఆరు పేజీలు ఇచ్చే పత్రాలంటే నాకు చిరాకు. రసాయనాలు వేరే శాఖ చూసుకుంటుందిలే అనుకోవడానికీ వీల్లేదు. మామూలు కర్మాగారాల్లో రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ చూసే పనిని అణుశక్తి విభాగపు కర్మాగారాల్లో అణుశక్తి నియంత్రణ మండలే చూస్తుంది. 1996 నాటి అణుశక్తి కర్మాగారాల నియమావళి అందుకే ఉంది. రెండు బాధ్యతలూ ఒకే బల్ల మీదికి వస్తాయి.

ఒక అంశం ఎలా రాయాలో కొలిమి దగ్గరే చూద్దాం. మామూలుగా చేతికొచ్చే ముసాయిదా ఇలా ఉంటుంది: ‘సింటరింగ్ కొలిమికి తగిన భద్రతా ఏర్పాట్లు ఉన్నాయో లేదో సమీక్షకులు పరిశీలించాలి.’ ఇది చదివి ఏ సమీక్షకుడూ ఏ ఫైలునూ వెనక్కి పంపలేడు.

హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. కొలిమి బాగా వేడిగా ఉన్నప్పుడు లోపలికి కాస్త గాలి దూరితే అది అక్కడికక్కడే మండిపోతుంది, పోగుపడదు. చల్లగా ఉన్నప్పుడు రెండూ కలిసి పేరుకుంటాయి, ఆ తర్వాత నిప్పురవ్వ దొరికితే పేలుతుంది. పారిశ్రామిక కొలిమిల విషయంలో ఈ హద్దును 760 డిగ్రీల సెల్సియస్‌గా తీసుకోవడం ఆనవాయితీ. కాబట్టి అపాయం పూర్తి వేడిలో కన్నా ఆరంభించేటప్పుడు, ఆపేటప్పుడు, కరెంటు పోయినప్పుడు ఎక్కువ. ఇది తెలిశాక అంశం ఇలా రాయవచ్చు:

‘కొలిమి లోపలి వేడి 760 డిగ్రీల కన్నా తక్కువ ఉన్నప్పుడు హైడ్రోజన్ వాల్వు తెరుచుకోకుండా ఆపేది ఏమిటో నివేదికలో చూడండి. ఆపరేటరుకు ఇచ్చిన రాతపూర్వక సూచన ఒక్కటే ఆధారమైతే అంగీకరించవద్దు. ఇంటర్‌లాక్ (షరతు తీరేదాకా వాల్వును తెరవనివ్వని ఏర్పాటు) ఉంటే, దానికి వేడి చెప్పే ఉష్ణమాపకం, కొలిమిని నడిపే ఉష్ణమాపకం వేర్వేరో కాదో వైరింగ్ చిత్రంలో చూడండి. రెండూ ఒకటే అయితే వెనక్కి పంపండి. తక్కువ వేడిలో హైడ్రోజన్ పంపక తప్పని పద్ధతి అయితే, ముందు నైట్రోజన్‌తో గాలిని తోసివేసి, ఆక్సిజన్ శాతం కొలిచాకే వాల్వు తెరుచుకునే ఏర్పాటు ఉండాలి. కరెంటు పోయినా, హైడ్రోజన్ పీడనం పడిపోయినా నైట్రోజన్ తనంతట తాను లోపలికి రావాలి. కొలిమి పూర్తి వేడి నుంచి చల్లబడేందుకు పట్టే సమయం కన్నా నైట్రోజన్ నిల్వ ఎక్కువసేపు వస్తుందని లెక్క చూపితే అంగీకరించవచ్చు.’

పొడవైంది, నిజమే. కానీ దీన్ని పట్టుకుని కొత్తగా చేరిన సమీక్షకుడు కూడా ఆ అధ్యాయం చదివి తేల్చగలడు. దీనికి ఇంకో రెండు వాక్యాలు కలపండి: లీకైన హైడ్రోజన్ పైకప్పు మూలల్లో చేరుతుంది గనుక కనిపెట్టే పరికరాలు ఆ ఎత్తున ఉన్నాయో లేదో భవనపు కోత చిత్రంలో చూడమని, హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో దాదాపు కనబడదు గనుక తలుపు దగ్గర మంట వెలుగుతోందని తెలిపే పరికరం ఏదో అడగమని.

ఒక అమ్మాయి ఈ అంశం చదివి అడిగింది: ‘అలారం ఉందని నివేదికలో రాశారు కదండీ, ఇంకేం కావాలి?’

‘అది మోగితే ఎవరు వింటారమ్మా? విని ఏం చేస్తారు? చేయడానికి ఎన్ని నిమిషాలుంటాయి?’ అన్నాను. ఆ మూడు ప్రశ్నలనూ ఆమె తన ముసాయిదాలో ప్రతి అలారం కిందా రాసుకుంది. మీరూ రాసుకోండి.

జిర్కోనియం గురించి క్లుప్తంగా చెబుతాను, కానీ దాటవేయవద్దు. కడ్డీగా, గొట్టంగా ఉన్నప్పుడు అది సాధువు. సన్నని తురుముగా మారితే తనంతట తానే అంటుకోగలదు. నీటిలో ముంచి ఉంచాలి. కొద్దిగా తడిసిన తురుము పూర్తిగా మునిగిన దానికన్నా ఎంతో ప్రమాదం, బరువులో నాలుగో వంతు కన్నా ఎక్కువ నీరు ఉండాలంటారు. అంటుకున్నాక మాత్రం నీరు పోయకూడదు, హైడ్రోజన్ పుడుతుంది. పొడి ఇసుకో, లోహపు మంటలకు వాడే పొడో చల్లాలి. సమీక్షకుడు చూడాల్సిన చోటు ఒకటుంది. తురుమును పీల్చే డక్టు వంపుల్లో అది పేరుకుంటుంది. ఆ వంపు దగ్గర తెరిచి శుభ్రం చేసే తలుపు డ్రాయింగులో గీసి ఉందా? గీసి లేకపోతే, ‘క్రమం తప్పకుండా శుభ్రం చేస్తాం’ అని నివేదికలో ఎన్నిసార్లు రాసినా నమ్మనక్కర్లేదు. కొత్తగా తయారైన యురేనియం డయాక్సైడ్ పొడికీ ఇటువంటి గుణమే ఉంది. గాలి తగిలితే వేడెక్కి పై ఆక్సైడుగా మారిపోతుంది. అందుకే దాన్ని నెమ్మదిగా గాలికి అలవాటు చేసే అంచె ఉంటుంది. ఆ అంచెను దాటవేసే అడ్డదారి పైపు ఏదైనా ఉందేమో వెతకమని రాయండి.

అమ్మోనియా అంశం రాయడానికి మన ప్రాంతం కన్నా మంచి బడి లేదు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల శీతల గిడ్డంగులు ఎన్నో అమ్మోనియాతోనే నడుస్తాయి. యజమాని అనుమతి అడిగి, కంప్రెసరు గది తలుపు దగ్గర ఒక గంట నిలబడండి. మిరప ఘాటుకూ అమ్మోనియాకూ తేడా ముక్కుకు తెలియాలంటే అక్కడే నేర్చుకోవాలి. రిసీవరు ట్యాంకు ఎక్కడుంది, సేఫ్టీ వాల్వు నుంచి వచ్చే గొట్టం ఎటు తిరిగి ఉంది, గాలి ఏ వైపు వీస్తోందో చూపే గుడ్డ సంచీ ఉందా, శ్వాస పరికరం గది లోపల వేలాడుతోందా బయటా? లోపల వేలాడుతుంటే లీకైనప్పుడు ఎవరికి ఉపయోగం? అమ్మోనియా వాయువు గాలికన్నా తేలికని పాఠ్యపుస్తకంలో చదివి, పైకప్పులో ఫ్యాను పెడితే చాలని రాస్తారు. ద్రవంగా ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా బయటికి చిమ్మితే చల్లటి పొగమంచులా నేలబారుగా పాకుతుంది. కాబట్టి మీ అంశం రెండింటినీ అడగాలి. గాలిలో 300 పీపీఎం (పది లక్షల భాగాల్లో 300) దాటితే రక్షణ లేని మనిషికి తక్షణ ప్రాణాపాయంగా లెక్కిస్తారు. ఆ గాఢత ఎంత దూరం చేరుతుందన్న లెక్క లేని నివేదికను తీసుకోవద్దు.

విదేశీ పత్రాలు చదవండి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ యురేనియం ఇంధన తయారీ కర్మాగారాల భద్రత మీద ప్రత్యేక మార్గదర్శకం వేసింది, దాని వరస బాగుంటుంది. అయితే ఏ పత్రం ఏ అనుభవం నుంచి పుట్టిందో తెలుసుకుని వాడుకోండి. 1986 జనవరి 4న అమెరికాలోని ఓక్లహోమాలో, సీక్వోయా ఫ్యూయల్స్ కర్మాగారంలో, మితిమీరి నింపిన యురేనియం హెక్సాఫ్లోరైడ్ (యురేనియం, ఫ్లోరిన్ కలిసిన పదార్థం) సిలిండరును వేడి చేయగా పగిలి ఒక కార్మికుడు మరణించాడు. ఆయన ప్రాణం తీసింది గాలి తేమతో కలిసి పుట్టిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఆ దేశపు నియమాల్లో హెక్సాఫ్లోరైడుకు అంత చోటు ఉండటం సహజం. పైన చెప్పిన సహజ యురేనియం మార్గంలో ఆ పదార్థమే లేదు. దాని మీద ముప్పై పేజీలు దింపుకుని నైట్రిక్ ఆమ్లానికి రెండు పేజీలు వదిలితే నవ్వులపాలవుతాం.

తీసుకోవాల్సింది మాత్రం ఒకటుంది. 2000లో సవరించిన అమెరికా నిబంధనలు ప్రమాద తీవ్రతకు హద్దులు గీశాయి. కార్మికుడికి 1 సీవర్ట్ (ఒంటికి తగిలే వికిరణ మోతాదుకు కొలత), బయటి మనిషికి 0.25 సీవర్ట్ లేదా 30 మిల్లీగ్రాముల కరిగే యురేనియం చేరే ప్రమాదం ‘అత్యంత అరుదు’ అని నిరూపించాలంటాయి. సీవర్టు పక్కనే మిల్లీగ్రాములు ఉండటం గమనించండి. మన దేశంలో కార్మికుడికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదన్నది రోజువారీ పనికి వర్తించే పరిమితి. దాన్ని తెచ్చి ప్రమాద విశ్లేషణలో హద్దుగా వాడే నివేదికలు వస్తుంటాయి. రెండూ వేర్వేరని మీ పత్రంలో ఒక వాక్యం ఉండి తీరాలి.

సుసంపన్న యురేనియం అధ్యాయానికి ముందు 1999 సెప్టెంబరు 30న జపాన్‌లోని తోకాయిమురాలో జరిగింది చదవాలి. 18.8 శాతం సుసంపన్న యురేనియం ద్రావణాన్ని స్టీలు బకెట్లతో అవక్షేపణ తొట్టిలో పోశారు. పరిమితి 2.4 కిలోలు, తొట్టిలో చేరింది దాదాపు 16 కిలోలు. శృంఖల చర్య మొదలై సుమారు 20 గంటలు ఆగుతూ సాగుతూ నడిచింది. తొట్టి చుట్టూ ఉన్న శీతలీకరణ నీటిని బయటికి వదిలాకే తగ్గింది. ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అనుమతి పొందిన పద్ధతి వేరు, పనిచేసే చోట నడిచిన పద్ధతి వేరు. పైగా అటువంటి ప్రమాదం అక్కడ జరిగే అవకాశమే లేదని సమీక్షలో అంతకు ముందే తేల్చేశారు.

దీని నుంచి నేను నాలుగు ప్రశ్నలు రాయిస్తాను. పరిమితిని కాపాడేది పాత్ర ఆకారమా, మనిషి లెక్కా? సన్నని పొడవాటి పాత్రలో ఎంత పోసినా క్రిటికాలిటీ, అంటే శృంఖల చర్య తనంతట తాను సాగే స్థితి, రాకుండా చేయవచ్చు. లావు తొట్టిలో మనిషి లెక్క తప్పితే అంతే. రెండోది, ఆ గదిలో, పక్క గదిలో, వ్యర్థాల ట్యాంకుతో సహా, లావు పాత్ర ఏదైనా ఉందా, ద్రావణం అందులోకి చేరే దారి ఉందా? మూడోది, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అరుదైన తప్పులు ఒకేసారి జరిగితే తప్ప క్రిటికాలిటీ రాదని చూపారా? ఆ రెండు తప్పులూ ఒకే మనిషి చేసేవైతే వాటిని ఒకటిగానే లెక్కించాలి. నాలుగోది, పని తొందరలో పద్ధతి మార్చాలనిపిస్తే ఆ మార్పు ఎవరి బల్ల మీదికి వెళుతుంది? పేరు లేకపోయినా హోదా రాసి ఉండాలి.

స్థల పరిశీలనలో భూకంపం, గాలివాన, విమాన మార్గాలకు వేరే మార్గదర్శకాలు ఉంటాయి, వాటిని చూడమని ఒక వాక్యం చాలు. వరద దగ్గర మాత్రం ఆగాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. విజయవాడ అంతా కృష్ణ వైపు చూస్తుంటే సింగ్ నగర్‌ను ముంచింది గండ్లు పడిన బుడమేరు వాగు. నివేదికల్లో వరద అధ్యాయం పెద్ద నది గరిష్ఠ మట్టం చెప్పి ముగుస్తుంది. మీ అంశం దగ్గరి వాగులు, ఎగువ కట్టలకు గండి పడే అవకాశం, ఆక్రమణలతో ఇరుకైన కాలువలు అడగాలి. నీరు ఛాతీ ఎత్తున వస్తే డీజిల్ జనరేటరు ఏమవుతుంది? ఖాళీ ట్యాంకు తేలి పైపులు తెంపుకోదా? తర్వాతి షిఫ్టువాళ్లు ఎలా చేరతారు? ఆ వారం ఇక్కడ అన్నం పొట్లాలు డ్రోన్లతో పంపాల్సి వచ్చింది.

సుసంపన్న యురేనియం నిల్వ గదిలో నీరు మరో పని కూడా చేస్తుంది, న్యూట్రాన్ల వేగం తగ్గించి శృంఖల చర్యకు తోడ్పడుతుంది. గది పూర్తిగా మునిగినట్టు లెక్క చూపితే సరిపోదు. అగ్నిమాపక గొట్టం చిమ్మే తుంపరలాంటి పలుచని నీరు కొన్ని అమరికల్లో పూర్తి ముంపు కన్నా చెడ్డది. అన్ని సాంద్రతలకూ లెక్క వేసి, న్యూట్రాన్ల గుణకం (ఇది 1కి చేరితే శృంఖల చర్య తనంతట తాను సాగుతుంది) సాధారణంగా పెట్టుకునే 0.95 హద్దు దాటలేదని చూపాలి. ఆ గదిలో నీరు వాడవచ్చో లేదో అగ్నిమాపక సిబ్బందికి ముందే తెలియాలి.

ముసాయిదా పూర్తయ్యాక పైఅధికారికి పంపకముందు ఒక పరీక్ష చేయండి. ఏదైనా ఒక అంచె మీద ఊహించి రాసిన చిన్న నివేదిక తయారు చేయండి, అందులో కావాలని కొన్ని లోపాలు వదలండి. ఇద్దరు సమీక్షకులకు విడివిడిగా ఇవ్వండి. ఒకరు చాలునన్న చోట రెండోవారు చాలదంటే, వాళ్లతో వాదించవద్దు, ఆ అంశాన్ని తిరగరాయండి. తర్వాత కొలిమి దగ్గర పనిచేసిన షిఫ్టు ఇన్‌చార్జి ఒకరికి చదివి వినిపించండి. ‘ఈ గేజీ ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుందండీ, ఎవరూ చూడరు’ వంటి మాట ఆయన నోటి నుంచే వస్తుంది. పొడి బయటికి రాకుండా గాలిని పీల్చే హుడ్ లోపలి పీడనం చూపే ఆ చిన్న గేజీ మీద మీరు అరపేజీ రాసి ఉంటారు. దానికి బదులు పీడనం తగ్గితే పని ఆగిపోయే ఏర్పాటు అడగాలని అప్పుడు తెలుస్తుంది.

చివరి పేజీలో పత్రాన్ని ఎప్పుడు తిరగేయాలో రాయండి. ‘ఐదేళ్లకొకసారి’ అని మాత్రమే రాస్తే ఐదేళ్లూ ఎవరూ ముట్టుకోరు. కొత్త రకం ముడిసరుకు వచ్చినప్పుడు, ఉత్పత్తి పెంచినప్పుడు, ఎక్కడైనా ఇటువంటి కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడు, సమీక్షకులు ఒకే అంశం మీద రెండోసారి స్పష్టత అడిగినప్పుడు ఆ అంశాన్ని తెరవాలి. తెరిచే బాధ్యత ఏ హోదాదో, ఎన్ని రోజుల్లో తేల్చాలో పక్కనే ఉండాలి. మారిన అంశం కింద పాత వాక్యాన్ని కొట్టివేసి అలాగే ఉంచండి, ఎందుకు మార్చారో ఒక వరుసలో రాయండి. కొత్తగా చేరినవాళ్లు ముందు చదివేది ఆ కొట్టివేతలనే.